మేసన్ డిక్సన్ గీత: ఒక సరిహద్దు రాయి మీద అమెరికా వాళ్లకి ఇంత పట్టింపు ఎందుకు?

కొత్తపేట కొబ్బరితోట:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు పెన్సిల్వేనియాలోని యార్క్ కౌంటీలో ఉంటున్నారు. అల్లుడి ఉద్యోగం పక్క రాష్ట్రం మేరీలాండ్‌లో. రోజూ కారులో వెళ్లొస్తాడు. మొన్న అమ్మాయి ఒక ఫొటో పంపింది. రోడ్డు పక్క గడ్డిలో మోకాలెత్తు రాయి, చుట్టూ ఇనప కంచె. రాయికి ఒక పక్క ఎమ్ అనీ, రెండో పక్క పి అనీ చెక్కి ఉంది. "నాన్నా, ఇది మేసన్ డిక్సన్ లైను. దీనికి అటు సౌత్, ఇటు నార్త్" అంది. కొత్తగా పరిచయమైన వాళ్లు కూడా "మీరు లైనుకి పైన ఉంటారా, కింద ఉంటారా" అని అడుగుతారట.

మన చేలల్లో ఇలాంటి రాళ్లు బోలెడు. గేదెలు వాటికి ఒళ్లు రుద్దుకుంటాయి, మనం చెప్పులకి అంటిన బురద గీక్కుంటాం. అంతకుమించి వాటిని పట్టించుకునే వాడెవడు? రెండు రాష్ట్రాల మధ్య సర్వే గీతని ఒక దేశం దేశమంతా ఇలా నెత్తిన పెట్టుకోవడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. అసలు ఎవరు కొలిచారు, ఎందుకు కొలిచారు? మన గోదావరి వైపు ఇలా జనం నోళ్లలో నానిన గీత ఏదైనా ఉందా? గూగుల్ చేసుకోమని మాత్రం అనకండి. చేశాను, బుర్ర వేడెక్కింది.

ముమ్మిడివరం కుర్రాడు:

అంకుల్, నాకు తెలిసినంతలో అది ఉత్త గట్టు తగాదా అండి. రెండు కుటుంబాలు పట్టుబట్టి కోర్టుకెక్కాయి. మా తాత వేసిన దావా ఇంకా నడుస్తోంది కాబట్టి ఎనభై ఏళ్ల తగాదా అంటే నాకేం వింతగా లేదు. మిగతాది గొలుసు మాస్టారు చెప్పాలి. ఆయన సర్వే డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. మాస్టారూ, ఎక్కడున్నారండీ?

గొలుసు మాస్టారు:

ఇక్కడే ఉన్నాను బాబూ. నువ్వన్నది నిజమే, అది గట్టు తగాదాయే.

1632లో ఇంగ్లండు రాజు కాల్వర్ట్ కుటుంబానికి మేరీలాండ్ రాసిచ్చాడు. ఉత్తరపు హద్దు 40వ అక్షాంశం అన్నాడు. 1681లో ఆ రాజు కొడుకు, అప్పటికి తనే రాజు, దానికి పైన ఉన్న నేలని విలియం పెన్‌కి రాసిచ్చాడు. దస్తావేజులు రాసినవాళ్లు ఎవరూ ఆ నేల మీద నిలబడి చూసిన పాపాన పోలేదు. తీరా పెన్ గారు ఫిలడెల్ఫియా కట్టుకున్నాక చూస్తే అది 40వ అక్షాంశానికి కిందకి పడింది. కాగితం ప్రకారం పోతే ఊరు ఊరంతా పక్కవాడి చేలో ఉన్నట్టు లెక్క. హద్దు తేలని చోట కాపురమున్న కొందరు రైతులు ఇటు అడిగితే అటు కడుతున్నామనీ, అటు అడిగితే ఇటు కడుతున్నామనీ చెప్పి ఇద్దరికీ శిస్తు ఎగ్గొట్టారు. తెలివైనవాళ్లు. 1730ల్లో కొట్లాటలు, ఇళ్ల మీద పడటాలు అయ్యాయి. లండన్ కోర్టులో ఏళ్ల తరబడి నలిగి, చివరికి 1760లో రాజీకి వచ్చారు. ఫిలడెల్ఫియా దక్షిణపు కొసన ఉన్న ఇంటి గోడ నుంచి 15 మైళ్లు కిందగా, తూర్పు పడమరలుగా ఒక గీత. ఇటు నీది, అటు నాది.

అక్కడి సర్వేయర్లు కొంత పని చేసి చేతులెత్తేస్తే, ఇంగ్లండు నుంచి చార్లెస్ మేసన్‌ని, జెరెమయా డిక్సన్‌ని పిలిపించారు. మేసన్ గ్రీనిచ్ అబ్జర్వేటరీలో పని చేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు, డిక్సన్ సర్వేయరు. 1763లో దిగి 1767 దాకా ఆ అడవుల్లోనే ఉన్నారు.

వాళ్ల పని పద్ధతి మీకు చెప్పాలి, నాకు అది ముచ్చట. అక్షాంశం అనేది భూమి చుట్టూ వంగి ఉంటుంది, సర్వేయరు కన్ను మాత్రం సూటిగానే చూస్తుంది. అందుకని నెత్తి మీదుగా పోయే నక్షత్రాలని ఒక పొడుగాటి దుర్భిణీతో చూసి తామున్న చోటు తేల్చుకుని, అక్కణ్ణుంచి పడమరగా పదకొండు పన్నెండు మైళ్లు సూటిగా గీత తోసేవారు. ఆ సూటి గీత నడుమ భాగంలో అసలు హద్దుకి కాస్త ఉత్తరంగా ఉబ్బుతుంది. రాళ్లు ఎక్కడ పాతాలో, సూటి గీత నుంచి పక్కకి కొలత వేసి తేల్చారు. మన ఎఫ్‌ఎమ్‌బీ, అంటే చేల కొలతల పుస్తకం, తీసి చూడండి, మనం చేసేదీ అదే. చేను మధ్యలో సూటిగా ఒక జీ లైను వేస్తాం, వంకర గట్టు ఎక్కడెక్కడ తిరిగిందో ఆ లైను నుంచి అటూ ఇటూ ఆఫ్‌సెట్లు, అంటే పక్క కొలతలు, కొలిచి రాస్తాం. వాళ్లకి నక్షత్రాలు, మనకి కొబ్బరిచెట్ల సందులో కనిపించే జెండా కర్ర.

నేల కొలిచే గొలుసు కూడా వాళ్లదీ మనదీ ఒకటే. 66 అడుగులు, 100 లింకులు. గుంటర్ అనే ఆయన 1620ల నాటికే తయారు చేసిన కొలత. ఒక గొలుసు పొడుగు, ఒక గొలుసు వెడల్పు నేల అంటే 4,356 చదరపు అడుగులు, అంటే సరిగ్గా పది సెంట్లు. కాకినాడలో ఇవాళ అయిదు సెంట్ల స్థలం కొనేవాడు కూడా మేసన్ డిక్సన్‌లు లాగిన ఆ గొలుసు లెక్కలోనే కొంటున్నాడు. మీటర్లు వచ్చి ఇన్నేళ్లయినా మన జనం సెంటుని వదల్లేదు, వదలరు కూడా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా చేతిలో గొలుసే ఉండేది. దమ్ము చేసిన చేలో లాగితే లింకుల మధ్య కళ్లల్లో, అంటే వాటిని కలిపే రింగుల్లో, బురద దూరి గట్టిపడేది. ఒక్కో కంటిలో గోరంత బురద చేరినా మొత్తం మీద గొలుసు పొట్టి అవుతుంది, కొలత ఎక్కువ చూపిస్తుంది, చేను ఉన్నదానికంటే పెద్దదై కూర్చుంటుంది. పాతబడి కళ్లు అరిగితే దీనికి తిరగబడి గొలుసు సాగుతుంది, చేను చిక్కిపోతుంది. గొలుసు లాగే మా చైన్‌మన్ ఒకాయన మధ్యాహ్నం అన్నం తినే ముందు గొలుసుని పంట కాలవలో జాడించి, గట్టు మీద పరిచి, పుల్లతో ఒక్కో కన్నూ గీకేవాడు. మనిషి చదువుకోలేదు గానీ, నేను చూసినవాళ్లలో అంత నికరంగా కొలిచినవాడు లేడు.

మీ అమ్మాయి పంపిన రాయి సంగతి. ఆ రాళ్లు ఇంగ్లండులో చెక్కించి ఓడల మీద తెప్పించినవి. మైలుకొకటి. ఎమ్ ఉన్న ముఖం మేరీలాండ్ వైపు, పి ఉన్న ముఖం పెన్సిల్వేనియా వైపు. అయిదు మైళ్లకి ఒక పెద్ద రాయి, దాని మీద రెండు కుటుంబాల రాజముద్రలు. రాళ్ల మీద ఏలినవారి గుర్తులు వేసుకోవాలన్న సరదా అప్పుడూ ఉంది, మొన్న మన రీసర్వే రాళ్ల మీదా చూశాం. పార్టీల గొడవ ఇక్కడ పెట్టకండి, సామ్యం కోసం అన్నాను, అంతే. కొండలు అడ్డొచ్చాక అంత బరువు రాళ్లు మోయలేక, మట్టి దిబ్బలు పోసి కొయ్య గుంజలు పాతారు. ఇంకా పడమరకి పోతుంటే, వెంట వచ్చిన మోహాక్ అనే ఆదివాసీ తెగవాళ్లు ఒక వాగు దగ్గర తమ యుద్ధాల బాట రాగానే ఇక ముందుకి రామన్నారు. సుమారు 233 మైళ్ల దగ్గర పని ఆగిపోయింది.

ఇంతవరకూ ఇది భూమి తగాదా మాత్రమే. కొలిచిన మేసన్‌కి గానీ డిక్సన్‌కి గానీ ఉత్తరం, దక్షిణం అన్న ఊహే లేదు. 1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం చేసింది. మేరీలాండ్ చెయ్యలేదు, 1864 దాకా చెయ్యలేదు. ఆ చట్టంతో రాళ్లకి ప్రాణం వచ్చింది. ఎమ్ వైపు మనిషిని సంతలో అమ్మొచ్చు. పి వైపు కొత్తగా పుట్టే బిడ్డ బానిస కాదు. 1820లో పడమటి రాష్ట్రాల్లో బానిసత్వం ఉండాలా వద్దా అని వాళ్ల పార్లమెంటులో వాదులాట జరిగినప్పుడు ఈ గీత పేరు దేశమంతా పాకింది. హారియట్ టబ్‌మన్ అనే బానిస స్త్రీ 1849లో మేరీలాండ్ నుంచి పారిపోయి ఈ గీత దాటే ఫిలడెల్ఫియా చేరింది. తర్వాత మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి తనవాళ్లని దాటించింది. అలాంటి గీతని జనం మర్చిపోతారా?

కొత్తపేట కొబ్బరితోట:

మాస్టారూ, ఇప్పుడు అర్థమైంది. అల్లుడికి కూడా పంపించాను, చదివి "రోజూ దీన్ని దాటుతున్నాను గానీ నాకేం తెలీదు మామయ్యా" అన్నాడు. మన వైపు సంగతి చెప్పలేదు మీరు.

గొలుసు మాస్టారు:

మన వైపు అంటే యానాం అండి. ఇంకో మాట లేదు.

తాళ్లరేవు వైపు పని చేసిన రోజుల్లో ఆ హద్దు వెంబడి చాలా తిరిగాను. ఒక పక్క గౌతమి, ఒక పక్క కోరంగి పాయ, మిగతాది చేల గట్లు. మన వైపు ఊరి పటం తీస్తే సర్వే నంబర్లు చీమల బారులా ఉంటాయి. హద్దు దాటగానే తెల్ల కాగితం, దాని మీద యానాం అని ఒక్క మాట. నేల మీద మాత్రం ఆ గట్టుకి అటూ ఇటూ అదే వరి, అదే నీరు. ఇటు ఊడ్పు అయిపోతే అదే కూలీలు చీరలు ఎగ్గట్టుకుని గట్టు దాటి అటు ఊడుస్తారు.

18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు బట్టల వ్యాపారానికి అక్కడ దిగారు. పక్కనే ఇంజరంలో, నీలపల్లిలో ఇంగ్లీషు కంపెనీ గిడ్డంగులు. యూరప్‌లో యుద్ధం వచ్చిందంటే ఇక్కడ ఇంగ్లీషువాళ్లు యానాం పట్టుకునేవారు, సంధి కుదిరితే తిరిగిచ్చేవారు. ఆఖరుసారి 1814 పారిస్ సంధి ప్రకారం ఇచ్చారు. కోటలు కట్టకూడదు, శాంతిభద్రతలకి మించి సైన్యం ఉండకూడదు అని షరతు. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ముక్క, చుట్టూరా ఇంగ్లీషువాడి రాజ్యం. సీమ సరుకు, అంటే విదేశీ సరుకు, చవగ్గా దొరుకుతుందని యానాం మంగళవారం సంతకి జనం ఎక్కడెక్కణ్ణుంచో వచ్చేవారు. హద్దు దాటేటప్పుడు ఎవరి మొలలో ఏముందో దేవుడికే ఎరుక.

అయితే ఆ హద్దు ఇంటింటికీ తెలిసింది మాత్రం శారదా చట్టంతో. 1929లో చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. చట్టం బ్రిటిష్ ఇండియాది, యానాం ఫ్రెంచివాళ్లది. ఇంకేముంది, రాజమండ్రి నుంచి, కోనసీమ నుంచి, ఇంకా దూరం నుంచి పెళ్లివారు పిల్లల్ని ఎత్తుకుని యానాం పరిగెత్తారు. ఊరికి కల్యాణపురం అని పేరు పడింది. పెన్సిల్వేనియా 1780లో చేసిన చట్టం అక్కడి రాళ్లకి ఏం చేసిందో, శారదా చట్టం మన యానాం గట్టుకి అదే చేసింది. అంతకు ముందు అది పన్నుల హద్దు. ఆ తర్వాత బతుకుల హద్దు.

గౌతమి ఒడ్డు:

మాస్టారూ, ఎప్పుడూ చదవడమే గానీ ఇక్కడ రాయను. ఇది మా ఇంటి కథ కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మమ్మదీ, వాళ్ల అక్కదీ ఒకే ముహూర్తాన యానాంలో అయ్యాయి. అమ్మమ్మకి ఏడో, ఎనిమిదో. రాత్రి వేళ పడవలో గౌతమి దాటారట. మేళగాళ్లు డోలుకి దుప్పటి చుట్టుకుని, సన్నాయి చంకలో పెట్టుకుని కూర్చున్నారట. పడవ అడుగు అవతలి ఇసకకి తగిలాక, పెద్దాయన ఒకరు "ఇంక కానివ్వండి" అన్నాక దుప్పటి తీశారట. తాళి కట్టేటప్పుడు అమ్మమ్మ వాళ్ల మేనమామ ఒళ్లో నిద్రపోతోంది. తెల్లారి లేచి చూసుకుంటే మెడలో తాడు, చేతిలో ఎవరో పెట్టిన అరిసె. అరిసె చీమలు పట్టేసిందని ఏడ్చిందట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ చీమల దగ్గర ఆవిడకి నవ్వొచ్చేది. తిరుగు ప్రయాణంలో మా ఊరి పొలిమేర రాగానే గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టారు, హారతి పట్టారు. ఫ్రెంచి హద్దు దగ్గర ఎవరూ ఏదీ కొట్టలేదు. మొక్కే హద్దు అది కాదు కదా.

వాళ్ల అక్క మొగుడు విషజ్వరంతో రెండేళ్లకే పోయాడు. ఆవిడ అప్పటికి కాపురానికే వెళ్లలేదు. ఆ తర్వాత జీవితమంతా మా పెరటి వంటింట్లోనే గడిపింది. నేను చూసేనాటికి ముసలావిడ. ఊరగాయల రోజుల్లో జాడీలన్నీ ఆవిడే తుడిచేది, పెళ్లిళ్లకి మాత్రం ముందు గదిలోకి వచ్చేది కాదు.

అందుకని మీ పోలిక నాకు మింగుడు పడలేదు, ఏమీ అనుకోకండి. అక్కడ మనుషులు తమ కాళ్లతో తాము గీత దాటి బయటపడ్డారు. ఇక్కడ పసిపిల్లల్ని నిద్రలో దాటించి కట్టిపడేశారు. రెంటినీ ఒకే గాట కట్టడం ఎలా?

గొలుసు మాస్టారు:

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మీ అమ్మమ్మ గారి అక్కగారి లాంటివాళ్లు మా వీధిలో కూడా ఉండేవారు. ఎవరూ వాళ్ల పెళ్లెక్కడైందని అడిగేవారు కాదు, అందరికీ తెలుసు కాబట్టి.

మనుషుల్ని ఒక గాట కట్టలేదమ్మా, చట్టం హద్దుని ఎలా మార్చిందో చెప్పాను. ఆ మాటకొస్తే అక్కడి గీత కూడా ఒక వైపే దారి ఇచ్చింది కాదు. వీరి అమ్మాయి ఉన్న యార్క్ కౌంటీలోనే జరిగింది ఒకటి. మార్గరెట్ మోర్గన్ అనే ఆవిడ మేరీలాండ్‌లో బానిసల బిడ్డ. యజమాని ఆమెని స్వేచ్ఛగానే బతకనిచ్చాడు గానీ కాగితం రాయలేదు. ఆవిడ పెళ్లి చేసుకుని, 1832లో గీత దాటి పెన్సిల్వేనియాలో కాపురం పెట్టింది. 1837లో యజమాని వారసుల తరఫున ఎడ్వర్డ్ ప్రిగ్ అనే వాడు ఇంకొందరితో వచ్చి ఆవిణ్ణీ పిల్లల్నీ పట్టుకుపోయాడు. ఆ పిల్లల్లో ఒకరు పి వైపు నేల మీద పుట్టిన బిడ్డే. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1842లో తీర్పు ప్రిగ్ పక్షాన వచ్చింది. గీతకి ఇటు పుట్టిన బిడ్డ కూడా నిద్రలోంచి అటు పోయినట్టే కదా. మీ బాధకి ఇది జవాబు కాదు, తెలుసు.

ముమ్మిడివరం కుర్రాడు:

మాస్టారూ, కథ మార్చట్లేదు గానీ, మరి యానాం ఇండియాలో కలిశాక ఆ హద్దు ఎందుకు తీసెయ్యలేదు? పుదుచ్చేరి ఎక్కడ, యానాం ఎక్కడ? మా ఫ్రెండ్స్‌కి అది తెలిసేది పెట్రోల్ బంకు దగ్గర, ఆ పక్క దుకాణం దగ్గరే. ఇంకో డౌటు. హద్దు గోదాట్లో ఉన్న చోట నది జరిగితే?

గొలుసు మాస్టారు:

ఆ పక్క దుకాణం సంగతి నీకెలా తెలుసో మీ నాన్నగారిని అడుగుతాను.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. నవంబరు 1న నాలుగు ఫ్రెంచి స్థావరాలూ కలిపి పాలన ఇండియాకి అప్పగించారు. చట్టప్రకారం విలీనం 1962 ఆగస్టు 16న. మేరీలాండ్‌లో బానిసత్వం పోయింది కూడా నవంబరు 1నే, 1864లో. ఇది ఊరికే తారీకులు కలవడం, దీని మీద ఎవరూ వాట్సాప్ ఫార్వర్డ్ చెయ్యకండి. ఫ్రెంచివాళ్ల నుంచి వచ్చిన నాలుగు ముక్కల్నీ ఒకే పాలన కింద ఉంచారు కాబట్టి, తెలుగు యానాం వెళ్లి తమిళ పుదుచ్చేరితో ఒక కంచంలో కూర్చుంది. ఎమ్మెల్యే అక్కడి అసెంబ్లీకి వెళ్తాడు, బండి నంబరు పీవై 04. పన్నులు వేరు కాబట్టి ధరలు వేరు. గీత తీసేస్తే అటువాళ్లే ఒప్పుకోరు. యానాం మనిషిని కదిపి చూడు, మేం ఆంధ్రావాళ్లం కాదు, యానాం వాళ్లం అంటాడు, అచ్చం మన యాసలోనే, ఆయ్ అంటూ.

నది సంగతి. 1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. తర్వాత లంకల్లోకి వెళ్తే రాళ్లు కాదు, రాళ్లు పాతిన నేలే లేదు కొన్ని చోట్ల. ఇంకో చోట కొత్త ఇసక మేట వేసి, ఇది నాదంటే నాదని నలుగురు తయారు. అప్పుడు గట్టు మీద నికరంగా నిలిచిన రాళ్ల నుంచి కొలుచుకుంటూ నీళ్లలోకి పోవాలి. పడవలో కూర్చుని, ఇదుగో మీ చేను ఇక్కడ అని నీళ్లు చూపించిన రోజులున్నాయి. రైతు ఒకాయన చెంబుతో ఆ నీళ్లే తోడి మొహం కడుక్కుని "ఈ ఏడు శిస్తు ఉండదు కదండీ" అన్నాడు.

కొత్తపేట కొబ్బరితోట:

మాస్టారూ, గౌతమి ఒడ్డు గారూ, ఇద్దరికీ నమస్కారాలు. వేసవిలో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆ రాళ్ల దగ్గరికి తీసుకెళ్లమన్నాను. వెళ్తే ఏం చూడాలి?

గొలుసు మాస్టారు:

ముందు రాజముద్రలున్న రాయి దగ్గరలో ఎక్కడుందో కనుక్కోండి, మామూలు రాయికంటే అది చూడదగ్గది. కొన్ని జనం ఇళ్ల స్థలాల్లో ఉంటాయి, అడగకుండా లోపలికి వెళ్లకండి. ముద్రలు వానకీ మంచుకీ బాగా అరిగిపోయి ఉంటాయి. మిట్ట మధ్యాహ్నం ఏమీ కనపడవు, పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూడండి. రాయి చుట్టూ తిరిగి నాలుగు ముఖాలూ విడివిడిగా ఫొటో తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి, లేకపోతే కొలత తెలీదు. రాయిని ఆనుకుని మీరు నిలబడిన ఫొటో ఇంట్లోవాళ్లకి పంపండి, నాకు స్కేలుది చాలు.